రాజరత్నం మడిచిన రెండో పారాచూట్

మార్కాపురంలో పుల్లారావు టెంటుహౌస్‌కి షామియానా కోసం వచ్చినవాళ్లు తేదీ చెప్పకముందే ఒక మాట అడిగేవారు: "రత్నం వస్తాడు గదా?" పెళ్లి కానీ, కర్మంతరం కానీ, చర్చి సభలు కానీ, శివరాత్రి ముందు దోర్నాల మీదుగా శ్రీశైలం నడిచిపోయేవాళ్లకు పెట్టే అన్నదానం కానీ, రాజరత్నం కట్టిన షామియానా గాలికి లేచిపోయిందని ఇరవయ్యేళ్లలో ఎవరూ చెప్పుకోలేదు. కట్టిన ప్రతి ముడినీ మూడుసార్లు లాగి చూసేవాడు. జనం వచ్చి కూర్చున్నాక కూడా చుట్టూ తిరుగుతూ తాళ్లు తడుముతూనే ఉండేవాడు. విప్పేటప్పుడు మిగతా కూలీలు గుడ్డను మూటగట్టి లారీలోకి విసిరేస్తే, ఆయన మాత్రం నేలమీద పరిచి, అంచుకు అంచు కలిపి, మడతల్లో గాలి లేకుండా అరచేత్తో తోసుకుంటూ పోయేవాడు.

"అది గుడ్డ రత్నం. అంత మర్యాద దానికెందుకు?" అనేవాడు పుల్లారావు.

"అలవాటన్నా," అనేవాడు రాజరత్నం. అంతకుమించి మాట్లాడేవాడు కాదు.

ఆ అలవాటు మిలిటరీలో అబ్బింది. ఆయనది హనుమంతునిపాడు దగ్గర ఒక చిన్న పల్లె. తండ్రి సీమోను మోతుబరుల చేలల్లో కూలికి పోయేవాడు, ఆదివారం చర్చిలో డప్పు వాయించేవాడు. పంతొమ్మిదో ఏట రాజరత్నం పట్టాళంలో చేరితే, ఎత్తూ ఛాతీ కొలిచి, వేళ్లు చూసి, ఉత్తరాదిన ఒక కంటోన్మెంటులో పారాచూట్లు మడిచే షెడ్డుకు పంపించారు. తుపాకీ పట్టిన రోజులు తక్కువ, గుడ్డ పట్టిన రోజులు ఎక్కువ. సెలవుల్లో వచ్చినప్పుడు ఊళ్లో వాళ్లు, "మా రత్నానిది గొడుగులు మడిచే ఉద్యోగం," అని నవ్వుకునేవారు. ఆయనా నవ్వేవాడు. కానీ ఆ పని మీద ఆయనకు చాలా గౌరవం.

దూకేవాడికి రెండు పారాచూట్లుంటాయి. పెద్దది వీపు మీద. విమానానికి కట్టిన తాడు లాగితే అదంతట అదే తెరుచుకుంటుంది. రెండోది చిన్నది, ఎదమీద కట్టుకుంటాడు. దాని పేరు రిజర్వు. పెద్దది తెరుచుకోకపోతే దాని పిడిని దూకినవాడే లాగాలి. రాజరత్నం చేరిన నాలుగేళ్లకు ఆయన్ని రిజర్వుల బల్లకు మార్చారు. పెద్దదాంట్లో పొరపాటు జరిగితే కాపాడేందుకు రిజర్వుంది, రిజర్వులో పొరపాటు జరిగితే ఇంకేమీ లేదు, కాబట్టి ఈ బల్ల దగ్గర నిలబడేవాడు కడుపు నిండా తిని, కంటి నిండా నిద్రపోయి రావాలని మడతలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ మొదటిరోజే చెప్పాడు. మడిచిన ప్రతిదానికీ ఒక కార్డుంటుంది. తేదీ వేసి, మడిచినవాడు సంతకం పెట్టి, సంచి జేబులో దోపుతాడు. పదమూడేళ్లలో రాజరత్నం ఎన్ని వేల కార్డుల మీద సంతకం పెట్టాడో ఆయనకే తెలియదు.

పదిహేడేళ్ల సర్వీసు నిండగానే ఎవరూ పొమ్మనకుండానే ఆయన ఇంటికి వచ్చేశాడు. రెండువేల ఒకటో సంవత్సరం అది. భార్య మగ్దలీనమ్మకు మార్కాపురంలో అంగన్‌వాడీ ఆయా పని దొరికితే అక్కడే ఇల్లు తీసుకున్నారు. నాలుగేళ్ల కూతురు దయామణిని బడిలో వేశారు. ఆయన టెంటుహౌస్‌లో చేరాడు.

చేరిన నెలకే పుల్లారావుకు ఒక సంగతి తెలిసింది. రత్నం పొదిలి పొమ్మంటే పోతాడు, కనిగిరి, వెలిగండ్ల, దోర్నాల, ఎక్కడికైనా పోతాడు. గిద్దలూరు వైపు ఆర్డరు వస్తే మాత్రం పోడు. మొదట కడుపునొప్పి అన్నాడు. తర్వాత చర్చిలో పనుందన్నాడు. మూడోసారి ఏమీ చెప్పకుండా, ఆ రోజు వేరేవాడి వంతు తాను తీసుకుని దోర్నాల లారీ ఎక్కాడు. తోటి కూలీలు ఆ వైపు ఎవరితోనో తగాదా ఉందన్నారు. ఆడమనిషి సంగతి అన్నవాళ్లూ ఉన్నారు. పుల్లారావు మంచివాడు, అడగడం మానేశాడు. ఆ దారిలో ఇరవై రెండేళ్లు రాజరత్నం కంభం దాటలేదు. బస్టాండులో గిద్దలూరు బస్సు నిలబడితే దాని ముందు నుంచి కాకుండా వెనక నుంచి తిరిగిపోయేవాడు.

మగ్దలీనమ్మకు సగం తెలుసు. మిలిటరీలో ఒకతను చనిపోయాడనీ, అతనిది గిద్దలూరు వైపనీ, దాంతో తన భర్త మనసు విరిగిందనీ తెలుసు. మిగతా సగం ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

దయామణి చదువుకుంది. మార్కాపురంలోనే ఇంజనీరింగ్ పూర్తిచేసి, కంప్యూటర్ మీద బొమ్మలు మలిచే విద్య నేర్చుకుని, హైదరాబాదులో ఒక కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తోంది. ఆ కంపెనీ విదేశాల వీడియో గేములకు కావలసిన వస్తువులు చేసిపెడుతుంది. ఒక నెల పీపాలు, ఒక నెల పాతకాలపు లాంతర్లు, ఒక నెల బూట్లు. పొద్దున తొమ్మిదికి గది తలుపు వేసుకుంటే మళ్లీ సాయంత్రమే. కరెంటు పోతే ఫ్యానుండదు, బ్యాటరీ మీద కంప్యూటర్ మాత్రం నడుస్తుంది. చెమట తుడుచుకుంటూ అక్కడే కూర్చుంటుంది.

జిల్లాలు విడగొట్టిన ఏడాది అది. కందుకూరు నెల్లూరులో కలిసింది, అద్దంకి బాపట్లకు పోయింది. మార్కాపురాన్ని జిల్లా చేయలేదని ఊళ్లో దీక్షలు జరుగుతుంటే ఆ దీక్షా శిబిరానికి షామియానా రాజరత్నమే వేసి వచ్చాడు. ఇంటికొచ్చి టీ తాగుతుండగా కూతురు గదిలోంచి బయటికి వచ్చింది.

"నాయనా, ఒకటి అడుగుతా. కోప్పడవు గదా?"

"అడుగు."

"రిజర్వు పారాచూట్ లోపల ఎట్లుంటాది?"

రాజరత్నం గ్లాసు కింద పెట్టాడు. ఇంట్లో ఆ మాట ఎవరి నోటా రాదు. మగ్దలీనమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పి చూసింది.

"నీకెందుకది?"

"పని వచ్చింది నాయనా. రెండో ప్రపంచ యుద్ధం గేమది. విమానంలోంచి సైనికులు దూకుతారు. ఆడేవాళ్లు ఇంటర్నెట్‌లో ఒకటే గొడవ చేస్తన్నారు. పాత ఫోటోల్లో అమెరికా సైనికుల ఎదమీద రిజర్వుంది, గేములో లేదు, ఇదేం గేమని తిడతన్నారు. అది చేసే పని నాకిచ్చినారు. బయట ఎట్లుంటాదో ఫోటోలున్నాయి. లోపల గుడ్డ ఎట్ల సర్దుంటే బయటికి ఆ ఉబ్బు వస్తాదో నాకు అంతు పట్టడంల్యా. ఇంగ్లండు సైనికులకు మటుకు పెట్టొద్దన్నారు. ఆ యుద్ధంలో వాళ్లకు రెండోది ఇయ్యలేదంట."

"ఇయ్యలేదా?"

"తక్కువ ఎత్తులోంచి దూకేవాళ్లు గదా, లాగే టైమే ఉండదనుకున్నారంట. ఖర్చు కూడా."

రాజరత్నం గ్లాసు పక్కకు జరిపాడు. "రెండోది లేకపోతే, రెండోది మడిచినోడూ ఉండడు గదా," అన్నాడు. దయామణికి అర్థం కాలేదు. ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

మూడు రోజులు ఆ మాట ఎత్తలేదు. కూతురి గది తలుపు ముందు నుంచి పోతూ ఆగేవాడు. తెర మీద సగం మలిచిన సంచి కనిపించేది. ఇటుకలా ఉంది అది, నాలుగు వైపులా సమానంగా. అట్ల ఉండదని ఆయన చేతులకు తెలుసు. నాలుగోరోజు టెంటుహౌస్‌లో చిరిగిన షామియానా లోపలి గుడ్డ, ఒక పాత కాన్వాసు ముక్క అడిగి తెచ్చాడు. మగ్దలీనమ్మ కుట్టుమిషను మీద రెండు సాయంత్రాలు కూర్చుని సంచి కుట్టాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ముందుగదిలో చాప పరిచి కూతుర్ని పిలిచాడు.

"ఆ కాలంవి నేను మడవలేదు. మావి వేరే. అయినా గుడ్డ గుడ్డే, మడత మడతే. చూడు," అన్నాడు.

దయామణి ఫోను పైకి పట్టుకుని వీడియో తీసింది. తండ్రి మోకాళ్ల మీద కూర్చుని గుడ్డను పొడుగ్గా లాగి, కలిపి కుట్టిన ఒక్కో పన్నాను పుస్తకంలో కాగితాలు తిప్పినట్టు ఎడమకు కొన్ని, కుడికి కొన్ని తిప్పాడు. మడత జారకుండా బియ్యం నింపిన చిన్న సంచులు పెట్టాడు. షెడ్డులో అయితే సీసం గుండ్ల సంచులుంటాయని చెప్పాడు. తాళ్లను అటూ ఇటూ వంచి వరసగా సర్దాడు. ఒక్కో మెట్టు కాగానే చెయ్యి పైకెత్తి ఆగేవాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాకా ముందుకు పోకూడదట. ఇక్కడ ఇన్‌స్పెక్టర్ లేడు. అయినా ఆగేవాడు. ఆయన ముఖంలో అంత వెలుగు దయామణి ఎప్పుడూ చూడలేదు. ఇరవై అయిదేళ్ల పిల్లకి తండ్రి పనిమంతుడని ఆ రోజే తెలిసింది.

గుడ్డను సంచిలో సర్ది, దాని నాలుగు రెక్కలూ మూసి, పిన్నులు దోపి, సంచిని రెండు చేతులతో ఎత్తి ఆమె ఒళ్లో పెట్టాడు. మధ్యలో ఉబ్బి, అంచుల్లో పల్చబడి, ఊపిరి పీల్చి పట్టినట్టుంది.

"అయిపోయిందా నాయనా? ఇంకేమైనా ఉంటాదా?"

"కార్డుంటాది. మడిచినోడు సంతకం పెట్టాల."

దయామణి నవ్వుతూ తన నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చించి, పెన్ను ఇచ్చింది. "పెట్టు మరి."

ఆయన పెన్ను తీసుకోలేదు. చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుని, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఫోను ఆపేసింది.

"ఆదినారాయణని ఒకడుండె," అన్నాడు. "రాచర్ల పక్క పల్లె. దూకేవాళ్లల్లో ఉండె. మన యాస మాట్లాడేవాళ్లం ఆ షెడ్డు చుట్టుపక్కల నేనూ వాడే. అన్నా అనేవాడు. దూకే రోజు రిజర్వులు వరసగా ఇస్తారు, ఎవరికి ఏదొస్తే అది. వాడు కార్డులు తీసి చూసేవాడు. నా సంతకం ఉన్నది ఎవుడికైనా పోతే, వాళ్లని బతిమాలుకుని మార్చుకునేవాడు. మనోడు మడిచింది కట్టుకుంటే నాకు ధైర్యమన్నా అనేవాడు. నాకూ సంతోషంగానే ఉండె ఆ మాట."

మగ్దలీనమ్మ వంటింటి గడప దగ్గర వచ్చి నిలబడింది.

"రెండువేలు, నవంబరులో. పెద్దది సంచిలోంచి వచ్చింది గాని గాలి పట్టలేదు, వత్తిలాగా పురిపడింది. వాడు రిజర్వు లాగినాడు. అదీ వచ్చింది. వచ్చి, పెద్దదానికి చుట్టుకుంది. ఎనక్కి చూస్తే అంతా అయిదారు సెకండ్లు. మూడు నెలలు విచారణ చేసినారు. నన్ను నాలుగుసార్లు పిలిచినారు. మడిచిన దాంట్లో తప్పు కనిపించలేదు అని రాసినారు."

"మరి ఇంకేంది నాయనా? నీ తప్పు లేదనే గదా?"

"కనిపించలేదు అని రాసినారు. లేదు అని రాయలేదు." ఆయన గొంతు పెరగలేదు, తగ్గలేదు. "కార్డు మీద తేదీ చూసినాను. ఆ రోజు నేను పదకొండు మడిచినాను. ఒకదాని మీద మరకుండె, కడగాలని పక్కన పెట్టి, పరవాలేదని మళ్ల తెచ్చిచ్చినారు. ఒకటి మడిచేటప్పుడు టీ వచ్చింది. ఒకదానికి పిన్ను వంకరుంటే మార్చినాను. అట్ల పది గుర్తున్నాయి నాకు, ఒకటొకటి. పదకొండోది గుర్తు లేదు. చేతులు మడిచినాయి, సంతకం నాదే, ఇన్‌స్పెక్టర్ చూసినాడు. నాకు మటుకు గుర్తు లేదు. ఇరవై రెండేండ్ల నుంచి ఎతుకుతన్నాను దయా. కండ్లు మూసుకుంటే ఆ బల్ల దగ్గరికే పోతాను. పది దాకా వస్తాను. ఆడ ఆగిపోతాది."

 మగ్దలీనమ్మ గడప దాటి వచ్చి, చాప మీది బియ్యం సంచుల్ని ఏరి లోపలికి తీసుకుపోయింది.

దయామణి వీడియో ముందు పెట్టుకుని మూడు వారాలు కష్టపడింది. ఆమె మలిచిన సంచి చూసి హైదరాబాదులో టీమ్ లీడర్ మెచ్చుకున్నాడు, బయటి దేశం వాళ్లూ మెచ్చుకున్నారు. ఇంత సహజంగా ఎట్లా వచ్చిందని అడిగారట. రెండు నెలల తర్వాత గేములో అది పెట్టినప్పుడు ఆమె సంబరంగా తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి చూపించింది. బూడిదరంగు ఆకాశం, విమానం, వరసగా నిలబడ్డ సైనికులు. ప్రతివాడి ఎదమీదా ఆ సంచి. ఒకడి తర్వాత ఒకడు దూకారు. అందరి వీపుల మీదా పారాచూట్లు విచ్చుకున్నాయి.

"బాగా చేసినావు," అన్నాడు రాజరత్నం. నిజంగానే బాగుంది. అంచుల్లో పల్చదనం అచ్చంగా వచ్చింది. "ఇప్పుడొకడికి పెద్దది తెరుచుకోకపోతే?"

"తెరుచుకోకపోవడమనేది ఉండదు నాయనా గేములో. అందరివీ తెరుచుకుంటాయి."

"మరి రిజర్వు?"

"అది లాగేదానికి ఉండదు. చూసేదానికే. లోపల ఏం లేదు, బయటి తొడుగు ఒక్కటే. లోపల కూడా చేస్తే కంప్యూటర్ మీద బరువెక్కువైతాదని పైపైనే చేయమన్నారు."

"లోపల గుడ్డ లేదా?"

"ఖాళీ."

ఆయన కుర్చీలోంచి లేచాడు. లేచినవాడు తలుపు దాకా పోయి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. దయామణికి తానన్న మాట ఏమిటో అప్పుడు తట్టింది. ఇన్నేళ్లూ ఆయన భయం అదే. ఆ పదకొండో సంచిలో ఏముందో, ఎట్లా ఉందో తెలియని భయం. నాలుగు వైపులా మూసి, తన సంతకం దోపి, ఒక మనిషి గుండెలకు కట్టి పంపిన సంచి.

ఆ వారం రాజరత్నం పనికి పోలేదు. జ్వరమని పుల్లారావుకు కబురు పంపించాడు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం ముందు పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేవాడు. దయామణి తలుపు దగ్గరికి వచ్చి, ఏదో చెప్పబోయి, వెళ్లిపోయేది. ఆమె మీద ఆయనకు కోపం లేదు. ఆ సంగతి చెప్పడానికి కూడా నోరు రాలేదు. ఆరోరోజు పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్టాండుకు పోయి గిద్దలూరు బస్సెక్కాడు. కంభం దాకా టిక్కెట్టు అడగబోయి గిద్దలూరు అని అడిగాడు. కంభంలో బస్సు ఆగినప్పుడు కాళ్లు వాటంతటవే దిగిపోయాయి. అక్కడ బల్ల మీద గంటసేపు కూర్చుని, ఎదురుగా వచ్చిన మార్కాపురం బస్సెక్కి ఇంటికొచ్చాడు.

యాడికి పోయినావని మగ్దలీనమ్మ అడిగింది. చెప్పాడు.

 "ఇన్నేండ్లు నాకు సగమే చెప్పి బతికినావు," అంది. "ఆ సగంతో నేనూ బతికినాను. నువ్వొక్కడివే పోతే ఎన్నిసార్లు పోయినా కంభంలోనే దిగుతావు. బిడ్డని తోడు తీసుకపో."

"పోయి ఏం చెప్పాల వాళ్లకు? నాకే తెలవదు గదా."

"తెలవదనే చెప్పు."

దయామణి సెలవు పెట్టింది. గిద్దలూరులో దిగి, రాచర్ల వైపు పోయే ఆటో ఎక్కారు. పల్లె పొలిమేరలో ఆదినారాయణ ఇల్లెక్కడని అడిగితే, "మిలిటరీ ఆదినారాయణా?" అని ఒకాయన వేలు చూపించాడు. చనిపోయి ఇరవై రెండేళ్లయినా ఆ ఇంటి పేరు అదే.

ముందు రేకుల పంచ, వెనక రెండు గదులు. ఆదినారాయణ భార్య రామతులసమ్మ బడిలో మధ్యాహ్నం భోజనం వండి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. యాభై దగ్గర పడ్డ మనిషి. పంచలో నులక మంచం మీద అత్త యల్లమ్మ కూర్చునుంది. ఎనభై దాటిన ముసలామె, చెవులు సరిగా వినపడవు. రాజరత్నం పేరు చెప్పుకున్నాడు. ఆదినారాయణతో పాటు పట్టాళంలో ఉన్నానన్నాడు.

"హనుమంతునిపాడు అన్నవా?" అంది రామతులసమ్మ. "ఉత్తరాల్లో రాసేవాడు మీ గురించి. అప్పుడు రాలేదే?"

"రాలేకపోయినానమ్మా." నిలబడే చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఆ రోజు ఆయన ఎదమీద కట్టుకున్నది నేను మడిచిందే. తప్పు కనిపించలేదని రాసినారు. నాకు మటుకు దాన్ని మడిచింది గుర్తు లేదు. సరిగ్గా మడిచినానో లేదో నాకు తెలవదు. ఆ మాట చెప్పిపోదామని వచ్చినా."

రామతులసమ్మ చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. మంచం మీది ముసలామె ఇద్దరి ముఖాలూ చూసి, "ఏందంట? ఎవరంట?" అంది.

"నీ కొడుకు సంగతి చెప్తన్నాడత్తా."

"ఏందీ?"

రామతులసమ్మ రాజరత్నం వైపు తిరిగింది. "నేను చెప్పనన్నా. నువ్వే చెప్పు. గట్టిగా చెప్పాల, వినపడదు."

ఆయన మంచం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మొదటిసారి చెప్పింది ఆమెకు వినపడలేదు. రెండోసారి సగం వినపడింది. మూడోసారి గొంతెత్తి అరవాల్సి వచ్చింది. "అమ్మా, నీ కొడుకు ఎదమీద కట్టుకున్న పారాచూట్ మడిచింది నేనే. నేనే మడిచినాను." ఎదురింటి అరుగు మీద వేరుసెనగ కాయలు ఒలిచే ఆడవాళ్లు చేతులాపి చూశారు. దారిన పోయే మనిషి ఆగాడు. ఇరవై రెండేళ్లు కట్టుకున్న భార్యకు కూడా సగమే చెప్పిన మాట, ఆయన నడివీధిలో నలుగురికీ వినపడేలా అరిచి చెప్పాడు. దయామణి తలొంచుకుని గుంజను ఆనుకుని నిలబడింది.

యల్లమ్మకు ఈసారి అర్థమైంది. ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది.

"వాడు లాగినాడా?" అంది.

"ఏందమ్మా?"

"ఆ రెండోదాన్ని. లాగినాడా, లాగలేదా? భయపడి చేతులు రాలేదంటిరి ఊర్లో."

రాజరత్నం రామతులసమ్మ వైపు చూశాడు. ఆమె కళ్లు పక్కకు తిప్పుకుని సంగతి చెప్పింది. ఎవరో సెలవులో వచ్చిన పక్క ఊరి సిపాయి ఆ మాట అన్నాడట. ఆదినారాయణ పైన బిగుసుకుపోయాడని, పిడి లాగి ఉంటే బతికేవాడని. మిలిటరీ నుంచి వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పినవాళ్లు ప్రమాదం అని మాత్రం చెప్పారు. ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు అన్నేళ్లూ ఆ మాట మోశారు.

"లాగినాడమ్మా," రాజరత్నం అరిచాడు. "పిడి వాని కుడిచేతిలో ఉండె. పిడికిలి విప్పదీసినోళ్లను నేను చూసినాను. వాడు భయపడలేదు. చేయాల్సింది చేసినాడు. విచారణలో కూడా అదే రాసినారు."

ముసలామె తల ఊపింది. రెండుసార్లు ఊపింది. తర్వాత కొంగుతో నోరు తుడుచుకుని, "సరే. చెప్పినావు గదా," అంది. "ఇంక పో. మళ్ల రావాకు."

రాజరత్నం లేచాడు. 

రామతులసమ్మ ఆటోలు ఆగే చోటు దాకా వాళ్ల వెంట నడిచి వచ్చింది.  ఆటో కోసం చూస్తూ నిలబడ్డప్పుడు, "మా అత్త మాట మనసులో పెట్టుకోవద్దని నేను చెప్పనన్నా," అంది. "కన్నతల్లి. నీమీద కోపం లేదని కూడా చెప్పలేను. ఇప్పుడే గదా తెలిసింది, ఉందో లేదో నాకే తెలవదు. సరిగ్గా మడిచినావో లేదో నీకే తెలవదంటివి, నేనేం చెప్పేది." రోడ్డు వైపు చూస్తూ, "ఆయన లాగినాడని ఇరవై రెండేండ్ల ముందు వచ్చి చెప్పి ఉంటే బాగుండె," అంది.

"అవునమ్మా," అన్నాడు రాజరత్నం. ఇంకొకరి కోసం తన దగ్గర అంత పెద్ద మాట ఒకటి ఉందని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. తన పదకొండో సంచి తప్ప ఇంకేదీ ఆయన చూడలేదు.

ఆటో వచ్చింది, వాళ్లు ఎక్కారు. ఆమె దయామణి భుజం మీద చెయ్యి వేసి, "ఏం చదివినావమ్మా?" అని అడిగింది. జవాబు వినేలోపే ఆటో కదిలింది.

పదకొండోది ఆయనకు ఇప్పటికీ గుర్తు రాలేదు. పడుకుంటే ఇంకా ఆ బల్ల దగ్గరికే పోతాడు, పది దాకా వస్తాడు, అక్కడ ఆగిపోతుంది. అది మారలేదు. రాచర్ల వైపు ఆయన మళ్లీ పోలేదు. ముసలామె వద్దంది కాబట్టి పోకూడదనే అనుకున్నాడు.

కానీ మరుసటి వేసవిలో గిద్దలూరులో ఒక పెళ్లికి ఆర్డరు వస్తే, పుల్లారావు అలవాటు ప్రకారం వేరేవాళ్ల పేర్లు రాస్తుంటే, "నేను పోతాలే అన్నా," అన్నాడు. పుల్లారావు పెన్ను ఆపి చూశాడు గానీ ఏమీ అడగలేదు. లారీ వెనక గుంజల మీద నలుగురు కూలీలతో పాటు కూర్చున్నాడు. ఎండ మండుతోంది. ఏదో మాట మీద బల్లుల ప్రస్తావన వచ్చింది. రాజరత్నం తనంతట తాను నోరు విప్పి, విమానంలోంచి దూకడానికి భయపడని మనిషి ఒకడు గోడ మీద బల్లిని చూసి బ్యారక్ అంతా పరిగెత్తిన సంగతి చెప్పాడు. ఎర్రగా, పొట్టిగా ఉండేవాడని, తాను ఊరి నుంచి గోంగూర పచ్చడి తెస్తే వాడే వాసన పట్టి వచ్చి సీసా మూత తీసేవాడని చెప్పాడు. కూలీలు నవ్వారు. ఆయన అంత మాట్లాడగా వాళ్లు ఎప్పుడూ వినలేదు.

"ఆ మనిషి ఇప్పుడు యాడుండాడన్నా?" అని ఒకడు అడిగాడు.

"దూకేటప్పుడు పోయినాడు," అన్నాడు రాజరత్నం. "ఆయన ఎదమీద ఉన్నది నేను మడిచిందే."

 లారీ కంభం దాటింది.